నవ్వుల బంగ్లాలో సిద్ధిరాములు

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో, ఔటర్ రింగ్ రోడ్డు దాటిన కాసేపటికి, ఎడమచేతి వైపు ఒక మట్టిబాట చీలుతుంది. ఆ బాట చివర ఒక రాతి బంగ్లా ఉంది. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, హద్దురాళ్లకు రంగులు పడ్డాయి, వెంచర్ల పేర్లతో కమాన్లు లేచాయి. ఆ బంగ్లాను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. కోర్టు కేసులో ఉందని పైకి చెబుతారు. అసలు కారణం అడిగితే అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తారు.

పొద్దుగూకాక ఆ బంగ్లా నవ్వుతుందట...

దెయ్యమన్నాక ఏడవాలి, గజ్జెలు మోగించాలి, తెల్లచీర కట్టుకుని రోడ్డు మీద లిఫ్టు అడగాలి. అంతవరకూ మన జనానికి అలవాటే. కానీ ఇది నవ్వుతుంది. అది కూడా ఒక్క గొంతు కాదు — పెళ్లి పందిట్లో కూర్చున్నంత మంది, ఆడవాళ్లు, మగవాళ్లు, చంకలో పిల్లలు, అందరూ ఒక్కసారిగా ఫక్కుమన్నట్టు.

ఒక చోటా లీడరు ఓ రాత్రి అక్కడ కారాపి, ఫోనులో ఎవరితోనో "ప్రజాసేవే నా ఊపిరి" అంటుండగా నవ్విందట. ఆయన మళ్లీ ఆ మాట ఎక్కడా అనలేదు. రీల్స్ తీసుకుందామని ఒక జంట పోయి, కెమెరా ముందు ముద్దుముద్దుగా మాట్లాడుతుంటే నవ్విందట. ఇంటికొచ్చి ఫోను చూసుకుంటే వాళ్ల మాటలు ఉన్నాయి, కీచురాళ్లు ఉన్నాయి... నవ్వు మాత్రం లేదు.

చిత్రమేమిటంటే, పాలు పోసే ఆయన ఒకరు అక్కడే బండి మీద నుంచి జారిపడితే నవ్వు రాలేదు. చీకట్లోంచి, చెవి పక్కనే ఎవరో కూర్చున్నంత దగ్గరగా, "అయ్యో..." అని వినిపించింది. ఆ నవ్వు కంటే ఆ జాలికే ఆయన ఎక్కువ జడుసుకుని, చాలా రోజులు జ్వరంతో మంచం దిగలేదు.

అందుకే ఆ దారిన పోవాలంటే జనానికి ప్రాణభయం కాదు, పరువు భయం.

ధర్మేందర్‌కు ఈ రెండో భయం చిన్నప్పటినుంచీ ఎక్కువ.

గౌడవెల్లి వైపు కొత్తగా లేచిన కాలనీలో అతనికి సొంతిల్లు ఉంది. మందుల కంపెనీలో సూపర్‌వైజరు. కాలనీ సంఘానికి కార్యదర్శి కూడా. మైకు చేతికిస్తే "గౌరవనీయులైన కాలనీ వాసులకు" అని మొదలుపెట్టి, ఒక్క యాస మాట దొర్లకుండా ముగించి దిగుతాడు. ఇంట్లోనూ అంతే. చొక్కా నలగకూడదు, మాట నలగకూడదు. "ఇంట్ల గూడ మైకు పట్టుకున్నట్టే మాట్లాడ్తవేంది?" అని భార్య పూజ వెక్కిరించేది.

ఆ ఇంట్లో ఈ ఇస్త్రీకి లొంగని మనిషి ఒక్కడే — అతని తండ్రి బాలనర్సయ్య.

ముసలాయన కరెంటాఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరి జోలికీ పోడు. ఒక్క అలవాటే విచిత్రంగా ఉండేది. ఏదైనా మాట చెప్పి టక్కున ఆగిపోతాడు. "చాయ్‌ల చక్కెర మర్సిపోయినవ్ బిడ్డా" అంటాడు... ఆగుతాడు. కళ్లు పైకెత్తి ఎడమవైపు గోడ మీద దేనికోసమో చూస్తాడు. అక్కడేమీ కనపడక, మళ్లీ తలవంచి చాయ్ తాగుతాడు.

చూసేవాళ్లకది ముసలితనపు చాదస్తం. ధర్మేందర్‌కు మాత్రం ఆ ఆగడం ఎక్కడిదో తెలుసు. తెలుసు కాబట్టే ఒళ్లు మండేది.

అది టీవీ నుంచి వచ్చిన అలవాటు.

టీవీలో ఉన్నది ఒకటే చానల్ అయిన రోజుల్లో, "గప్‌చుప్ గూఢచారి" అని ఒక నవ్వుల సీరియల్ వచ్చింది. కోటు వేసుకున్న ఏజెంట్ విశ్వంభర్ పుస్తకాల తెలుగులో మాట్లాడుతూ శత్రువుల గుట్టు లాగుతుంటాడు. ఆయన వెనకాల సిద్ధిరాములు అని ఒక అసిస్టెంటు. పోస్టు డబ్బా వేషంలో నిలబడితే జనం వాడి నోట్లో ఉత్తరాలు వేసిపోతారు. ఎడ్లబండి కింద దాక్కుంటే బండి కదిలిపోతుంది. చివరికి ఎటు తిరిగీ బావిలోనే పడతాడు. బావిలోంచి తల పైకి పెట్టి, "సార్... నేను గప్‌చుప్‌నే ఉన్న సార్. బాయే మొత్తుకుంది" అంటాడు. వెనక నవ్వులు వినిపిస్తాయి. అంతటితో ఆ వారం కథ అయిపోతుంది.

ఆ సిద్ధిరాములే బాలనర్సయ్య.

సీరియల్ మొదలైన కొన్ని వారాలకే ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అల్వాల్‌లో బడికి పోయే ధర్మేందర్‌కు మాత్రం అది ఆగలేదు. నీళ్లతొట్టి కనపడితే చాలు, తోటి పిల్లలు అతని తల అందులో ముంచి, "సిద్ధిరాములు కొడకా, ఇప్పుడు మొత్తుకుంది నువ్వా, తొట్టా?" అనేవాళ్లు. నాయిన నోరు తెరిస్తే టీవీలో జనం నవ్వారు. ఆ నాయిన మాటే తన నోట్లోనూ ఉంది. ఆ పిల్లవాడు అప్పటినుంచే, పట్టుబట్టి, ఏజెంట్ విశ్వంభర్‌లా మాట్లాడటం నేర్చుకున్నాడు.

మొన్న వినాయక నవరాత్రుల్లో ఒక సాయంత్రం, కాలనీలో కాలేజీకి పోయే పిల్లలు నిఖిల్, నయన ఇంటికొచ్చారు. నిఖిల్ చేతిలో ఫోను వెలుగుతోంది.

"అంకుల్, గిది చూడుండ్రి. ఎవరో పాత సీరియల్ యూట్యూబ్‌ల పెట్టిండ్రు. మన నవ్వుల బంగ్లాలనే తీసిండ్రంట!"

గీతలు గీతలుగా బొమ్మ. రాతి అరుగు, వాకిలి, మూలన బావి. బావిలోంచి లేచిన తల. "...బాయే మొత్తుకుంది." వెనక నవ్వులు. ఆ నవ్వుల్లో ఒక ముసలాయన నవ్వలేక ఖళ్ళుఖళ్ళున దగ్గుతున్నాడు. ఆ దగ్గు కూడా ధర్మేందర్‌కు చిన్నప్పటినుంచీ గుర్తే.

"ఈ యాక్టర్ మన దిక్కు ఆయనే అంట," అంది నయన. "దొరికితే స్టేజీ మీద శాలువా కప్పుదామనుకుంటున్నం. మీ ఇంట్ల తాత పోలికలు మస్తుగున్నయి అంకుల్... తాతనేనా?"

పక్కగది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మంచం కిర్రుకిర్రుమంటున్నది కాస్తా ఆగిపోయింది. ధర్మేందర్‌కు అది వినిపించింది.

అవును అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ నవ్వు... ఆ దగ్గు... ఆ నీళ్లతొట్టి... రేపు నాయిన స్టేజీ మీద నిలబడి ఆ డైలాగు చెబితే, కాలనీ అంతా నవ్వితే...

"కాదమ్మా. మా నాన్నగారు విద్యుత్ శాఖలో పనిచేశారు," అన్నాడు చిరునవ్వుతో. "ఆయనకూ ఇలాంటి వేషాలకూ ఏ సంబంధమూ లేదు."

పిల్లలు సారీ చెప్పి వెళ్లిపోయారు. ధర్మేందర్ టీవీలో వార్తలు పెట్టుకుని, సౌండు పెంచుకున్నాడు. పక్కగది వైపు తల తిప్పలేదు.

అన్నాలవేళకు పూజ పళ్లెం పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి, పళ్లెంతోనే తిరిగొచ్చింది.

"మామ లేడు," అంది.

పందిరి దగ్గర లేడు. గుడి దగ్గర లేడు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. వాన ఒక దంచు దంచి అప్పుడే తుంపర్లకు దిగింది. సంగతి తెలిసి నిఖిల్ వాళ్లు బస్టాపు వైపు పరుగెత్తారు. ఆ పిల్లలు తన నాయిన కోసం తడుస్తుంటే, ధర్మేందర్‌కు వాళ్ల మొహం చూడటానికి మనసొప్పలేదు. బైకు తీసి మెయిన్ రోడ్డు ఎక్కాడు.

మలుపు దగ్గర వహాబ్ పంక్చర్ షాపు ఇంకా తీసే ఉంది. ధర్మేందర్ విషయం చెప్పగానే వహాబ్ ట్యూబు పక్కన పెట్టి లేచాడు.

"పరేషాన్ గాకు భాయ్. చాచా గప్పుడే పోయిండు... గా దిక్కు."

చేత్తో చూపించలేదు, గడ్డంతో చూపించాడు. ఆ బంగ్లా వైపు రాత్రిపూట ఎవరూ చెయ్యి చాపరు.

"అక్కడికా? అక్కడికెందుకు?"

"ఎందుకేంది భాయ్, రోజు పోతడు గదా. నేను వద్దంటనే ఉన్న. 'గాడ నా పాత దోస్తులున్నరు' అంటడు." వహాబ్ గొంతు తగ్గించాడు. "నీకు తెల్వదా?"

అతను మామూలుగానే అడిగాడు. ధర్మేందర్‌కు మాత్రం చెంప పగిలినట్టయింది. సాయంత్రాలు నాయిన నడకకు పోతాడని తెలుసు. ఎటు పోతాడని ఎన్నడూ అడగలేదు.

బైకు మట్టిబాట మీదికి తిరిగింది. వెనక కాలనీ పందిట్లో పాటలు సన్నబడి... ఇంకా సన్నబడి... ఆగిపోయాయి. లైటు వెలుతురులో హద్దురాళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతున్నాయి. బంగ్లా గేటు ముందుకు రాగానే బండి రెండు సార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగింది. లైటు కూడా పోయింది.

కిక్కు కొట్టాడు. లేదు. మళ్లీ కొట్టాడు. కాలు జారింది — ఇస్త్రీ చొక్కాతో సహా బురదలో వెల్లకిలా పడ్డాడు.

చీకటి... కీచురాళ్లు కూడా ఆగిపోయాయి.

గోడ అవతల ఎవరో ఉన్నారు. ఒక్కరు కాదు. చాలామంది దగ్గర దగ్గరగా కూర్చుని, ఊపిరి బిగబట్టి, తనవైపే చూస్తున్నట్టు... భయం వేసినప్పుడు మనిషికి తెచ్చిపెట్టుకున్న మాటే ముందొస్తుంది కాబోలు. ధర్మేందర్ బురదలోనే కూర్చుని, గొంతు సవరించుకుని, గట్టిగా అన్నాడు —

"ఎవరక్కడ? నేను కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శిని మాట్లాడుతున్నాను!"

బంగ్లా నవ్వింది.

ముందు ఒక ఆడమనిషి కిసుక్కుమంది. తర్వాత ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత ఆపుకోలేక అందరూ... విరగబడి, ఒకరి మీద ఒకరు పడి, నేల చరుస్తూ నవ్వారు. గేటు చువ్వలు పట్టుకుని లేవబోతున్న ధర్మేందర్‌కు చేతికింద ఆ చువ్వలు వణుకుతున్నట్టు తెలిసింది. పారిపోదామని వెనక్కి తిరిగాడు. అప్పుడు ఆ నవ్వుల మధ్యనుంచి —

ఖళ్ళు... ఖళ్ళు...

ఆ దగ్గు. టీవీలో దగ్గు.

ధర్మేందర్ ఆగిపోయాడు. బుర్ర పనిచేసింది. ఇది దెయ్యం కాదు. టేపు! సీరియల్ వాళ్లు వదిలేసిన నవ్వుల టేపు నాయిన ఇన్నేళ్లూ దాచుకుని, ఇక్కడికొచ్చి రోజూ పెట్టుకుంటున్నాడు. ఊళ్లకు ఊళ్లను హడలగొడుతున్న దెయ్యం తన సొంత తండ్రి!

భయం పోయింది. ఆ చోట్లో సిగ్గొచ్చి కూర్చుంది. ఈ సంగతి బయటపడితే ఇంకేమైనా ఉందా? నలుగురికీ తెలియకముందే నాయినను ఇంటికి తోలుకుపోవాలని, గోడ కూలిన చోట వంగి లోపలికి చూశాడు.

గూట్లో ఒక సెల్‌ఫోన్ టార్చి. ఆ వెలుతురులో, తడిసిన వాకిట్లో, బాలనర్సయ్య ఒక్కడే ఉన్నాడు. భుజాల మీద ఒక పాత గోనెసంచి కప్పుకున్నాడు. దాన్ని కోటులా సర్దుకుని, రొమ్ము విరిచి, విశ్వంభర్ గొంతుతో అన్నాడు —

"మిత్రమా సిద్ధిరాములూ! గూఢచారికి తన నీడ కూడా శత్రువే సుమా!"

వాకిలంతా నవ్వులతో దద్దరిల్లింది. రాతి అరుగు మాత్రం ఖాళీగా ఉంది. టేపు లోపలి గదిలో పెట్టాడు కాబోలు అనుకున్నాడు ధర్మేందర్.

ముసలాయన గోనెసంచి తీసేసి, బావి గోడ వెనక్కి పోయి, మోకాళ్ల మీద వంగాడు. నడుం పట్టేసినట్టుంది, ఒక మూలుగు. తర్వాత మెల్లగా తల పైకి లేచింది.

"సార్... నేను గప్‌చుప్‌నే ఉన్న సార్. బాయే మొత్తుకుంది."

ఆగాడు. కళ్లు పైకెత్తి ఎడమవైపు చూశాడు.

నవ్వు రాలేదు.

ఇంకాసేపు ఆగాడు. నోరు సగం తెరిచే ఉంది. ఆశగా, ఎవరో ఏదో ఇస్తామని చెప్పి మర్చిపోయినట్టు... ఇంట్లో చాయ్ తాగేటప్పుడు, అన్నం తినేటప్పుడు, వెయ్యిసార్లు చూసి ధర్మేందర్ విసుక్కున్న చూపే అది. ఇంతకుముందు ఎన్నడూ దాన్ని చివరిదాకా చూడలేదు. టేపు అయిపోయినట్టుంది. ముసలాయన మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గిపోతోంది. సాయంత్రం ఆ ఓరతలుపు వెనక కూడా ఈ మొహం ఇలాగే ఉండి ఉంటుంది.

'ఆయనకూ ఇలాంటి వేషాలకూ ఏ సంబంధమూ లేదు.' ఆ మాట అన్నప్పుడు తను నవ్వాడు కూడా.

సిగ్గుతో ధర్మేందర్ ఒళ్లంతా కుంచించుకుపోయింది. అది తండ్రిని చూసి వచ్చిన సిగ్గు కాదు. ఎవరో ఒకరు నవ్వాలి. ఇప్పుడు, ఆ మొహం పూర్తిగా ఆరిపోకముందే, ఎవరో ఒకరు... నోరు తెరిచాడు. మొదట గాలే వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. వస్తే ఆగలేదు. చీకట్లో, గోడ పట్టుకుని, కళ్ల నీళ్లు కారుతుంటే నవ్వాడు.

బాలనర్సయ్య బెదరలేదు. ఆ నవ్వు అయ్యేదాకా ఓపిగ్గా ఆగాడు. తర్వాత బావి వెనకనుంచి వచ్చి, ఖాళీ అరుగు వైపు తిరిగి, వంగి సలాం చేశాడు. అప్పుడు మెల్లగా అన్నాడు —

"ఎవరు బిడ్డా గాడ?"

"నేనే నాయినా..."

ఎన్నో ఏళ్ల తర్వాత అతని నోట్లోంచి 'నాయినా' అనే మాట వచ్చింది.

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. కొడుకు బురద చొక్కాను తండ్రి చేత్తో దులపబోయి, అది పోయేది కాదని మానేశాడు.

"నాయినా, పొద్దుగూకంగ గా పోరగాండ్లతోని నేను..."

"ఇన్న. నేను గప్‌చుప్‌నే ఉన్న గదరా."

ఆగాడు. ఈసారి ఎడమవైపు చూడలేదు. ధర్మేందర్‌కు తల ఎత్తడం చేతకాలేదు.

"అందరు నిన్ను జూసి నవ్విండ్రు నాయినా," అన్నాడు నేలకేసి చూస్తూ. "టీవీ పెడితే నవ్విండ్రు. బడికి పోతే నవ్విండ్రు. నాకు గదే..."

"నన్ను జూసా?" ముసలాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నన్ను జూసి ఒక్కడు నవ్వలేదురా ధర్మా."

"టీవీల నవ్వులు..."

"గది నీకెన్నడు చెప్పలే. నవ్వనీకి గౌడవెల్లికెల్లి జనాన్ని ట్రాక్టర్ల తెస్తుండ్రి. మిరపకాయ బజ్జీలు, చాయ్ ఇచ్చి గీ అరుగు మీదనే కూసోపెడ్తుండ్రి. గా మూలకు ఒకడు ఎర్ర తువ్వాల పట్టుకొని నిలవడ్తుండె. సిద్ధిరాములు మాట్లాడితే తువ్వాల లేస్తది, గప్పుడు నవ్వాలె. తువ్వాల లేసింది... వాళ్లు నవ్వలే."

"ఎందుకు?"

"మనలెక్కనే మాట్లాడ్తుండు గదా, నవ్వుడేంది అన్నరు. నేను బాయిల పడితే 'అయ్యో' అని ఉరికొచ్చిండ్రు. తాడు గూడ దెచ్చిండ్రు. షూటింగంత ఖరాబ్. గానీ గా కోటు సారు నోరు తెరిస్తే సాలు, పొట్టలు పట్టుకొని నవ్విండ్రు. గండ్లనే మల్లయ్య తాత అయితే దగ్గి దగ్గి సచ్చేటట్టు అయితుండె."

"మరి..."

"గా సారుకు నవ్విన నవ్వును కోసి, నా మాట కింద అతికిచ్చిండ్రు. ఎన్ని వారాలు అతికిస్తరు? సారుకు కోపమొచ్చింది. బంద్ వడ్డది."

వాన చుక్కలు చూరు నుంచి టపటపమంటున్నాయి.

"నాకే సిగ్గయితుండె బిడ్డా. నవ్విపిచ్చేటోన్ని అని పోయిన. తువ్వాల దిక్కు జూసుడు, ఆగుడు... ఒక్కడన్న నవ్వలే. గందుకే రోజొస్త. నా మాటకు ఒక్కసారన్న ఎవరన్న నిజంగ నవ్వుతరేమో అని." గొంతు తగ్గించాడు. "ఇయ్యాల ఒక్కడు నవ్విండు. అదీ ఏడ్సుకుంట."

అందరూ నవ్వారని కొడుకు, ఎవరూ నవ్వలేదని తండ్రి — ఒకే ఇంట్లో, పక్కపక్క గదుల్లో, ఇన్నేళ్లు ఒకరికొకరు చెప్పుకోకుండా తలలు దించుకుని బతికారు. ధర్మేందర్ తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

జేబులో ఫోను మోగింది. నిఖిల్.

"అంకుల్, తాత దొరికిండా?"

"దొరికిండు బిడ్డా. బస్టాపుల నిలవడకుండ్రి, తడుస్తరు, ఇంటికి పోండ్రి."

"అంకుల్... మీరేనా మాట్లాడేది?"

"నేనే. గా శాలువా తెచ్చి పెట్టుకోండ్రి. గా సిద్ధిరాములు మా నాయిననే. ఇందాక నేను అబద్ధం చెప్పిన. రేపు స్టేజీ మీద గూడ గదే చెప్త."

ఫోను పెట్టేసి తలెత్తితే, బాలనర్సయ్య గూట్లో టార్చి తీసి జేబులో వేసుకుంటున్నాడు. గోనెసంచి మడతపెట్టి బావి గోడ మీద జాగ్రత్తగా పెట్టాడు, మళ్లీ వచ్చేవాడిలాగా.

బయటికొచ్చారు. ఇందాక మొరాయించిన బైకు ఒక్క కిక్కుకే అందుకుంది. తండ్రి వెనక కూర్చుని కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. గేరు వెయ్యబోతూ ధర్మేందర్‌కు గుర్తొచ్చింది.

"నాయినా, గా టేపు లోపటనే మర్సిపోయినవ్. వానకు ఖరాబైతది. తెస్తనుండు."

"టేపేంది?"

"నవ్వుల టేపు. ఇప్పటిదాక పెట్టుకున్నవ్ గదా. మల్లయ్య తాత దగ్గు గూడ ఇనవడ్డది."

ఇంజను చప్పుడు ఒక్కటే ఉంది.

"మల్లయ్య తాత పోయి మస్తు ఏండ్లాయెరా," అన్నాడు. "గా అరుగు మీద కూసున్నోళ్లల్ల ఇప్పుడు ఎవ్వరు లేరు."

ఇంజను దానంతట అదే ఆగిపోయింది.

"అయితే... గా నవ్వింది..."

"నేను కరెంటాఫీసుల జేసిన గనీ, గీ బంగ్లాకు కరెంటే లేదు గదరా. టేపెట్ల నడుస్తది?"

అని బాలనర్సయ్య, జీవితమంతా ఉన్న అలవాటు కొద్దీ, ఆగాడు.

చీకటి... ఒక్క క్షణం ఏమీ లేదు.

తర్వాత వెనక, బంగ్లాలో, ఒక ఆడమనిషి కిసుక్కుమంది. తర్వాత ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత అరుగు అరుగంతా... కడుపులు పట్టుకుని, నేల చరుస్తూ, ఖళ్ళుఖళ్ళున దగ్గుతూ...

ధర్మేందర్ వెనక్కి తిరగలేదు. భుజం మీద తండ్రి వేళ్లు బిగుసుకున్నాయి. ఆ వేళ్లు వణుకుతున్నాయి. కానీ ఆ వణుకు భయంతో వచ్చింది కాదు.

"ఇన్నవారా ధర్మా?" అన్నాడు బాలనర్సయ్య, కొడుకు చెవిలో, ఊపిరి అందనట్టు. "నా మాటకే నవ్విండ్రు..."